దుపట్టా కప్పిన కంప్యూటర్

మండిబజార్ వెనుక సందులో సబియా ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు, అడిగింది ఆడమనిషైతే. మగవాడు అడిగితే మాత్రం అరుగు మీద కూర్చున్న ముసలమ్మలు ముందు "ఎందుకు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. సబియా చేసే పని అలాంటిది.

ఆమె పెళ్లి ఆల్బంలు తయారుచేస్తుంది. ఆ మాటకొస్తే హనుమకొండ చౌరస్తా చుట్టూ ఆల్బం ల్యాబులు బోలెడున్నాయి. కానీ నిఖా జరిగిన ఇంట్లో ఆడవాళ్ల వైపు తీసిన ఫొటోలు ఆ ల్యాబులకు పోవు. మెహందీ నాడు కొంగులు జారిపోయేలా నవ్వుకున్న ఫొటోలు, పెళ్లికూతురికి జడ వేస్తున్న ఫొటోలు, మేనత్తలు డోలక్ ముందు కూర్చుని గొంతు చించుకున్న ఫొటోలు. వీటిని జనానా ఫొటోలంటారు. పర్దా పాటించే ఇళ్లలో వాటిని తీసేది ఆడమనిషే కావాలి, ఆల్బంగా కూర్చేదీ ఆడమనిషే కావాలి, బయటి మగవాడి కన్ను వాటిమీద పడకూడదు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఆ షరతుకు సరిపోయే మనిషి ఎవరంటే తల్లులందరూ చెప్పే పేరు సబియా.

ఆమె పని నేర్చుకున్నది అన్న సమద్ ల్యాబులో. పెళ్లికి ముందు ఆ ల్యాబు మూలన పర్దా కట్టించుకుని, దాని వెనక కూర్చుని నేర్చుకుంది. పెళ్లయ్యాక ఇంట్లోనే ఒక గది తీసుకుని కంప్యూటర్ పెట్టుకుంది. ఇక ఆ గదికి ఆమె పెట్టిన చట్టాలు చూడాలి. కిటికీకి రెండు పొరల పర్దా. తలుపుకు లోపలి నుంచి గడియ. ఫొటోలు ఫోన్లో పంపమంటే చచ్చినా పంపదు. తల్లిగానీ, పెళ్లికూతురుగానీ తయారైన పేజీలు చూస్తామంటే కంప్యూటర్ నుంచే వీడియో కాల్ చేస్తుంది. చేసి, ముందుగా "పక్కకు మగోళ్లెవరన్న ఉన్నరా? జర ఫోన్ తిప్పి గది సూపెట్టుండ్రి" అంటుంది. గదంతా చూశాకే పేజీ తెరుస్తుంది. భర్త ఖాజా మొహినుద్దీన్ గ్రానైట్ లారీ నడుపుతాడు. నాలుగు రోజులు బండి మీద తిరిగి ఇంటికొచ్చిన మనిషి కూడా ఆ గదిలోకి పోవడానికి లేదు.

"నా ఇంట్ల నాకే పర్దానా?" అని అతను వేళాకోళం చేస్తాడు.

"నీకు సూపెడ్తనని నేనెవలికి మాటియ్యలే," అని సబియా గడియ వేసుకుంటుంది.

ఇంత జాగ్రత్త గల మనిషి కంప్యూటర్ పాడైతే ఏం చేస్తుంది? మెకానిక్‌ను పిలవదు, ఎందుకంటే మెకానిక్ మగవాడు. డబ్బాను షాపుకు పంపదు, ఎందుకంటే షాపులో ఉన్నదీ మగవాళ్లే. ఏదైనా చేసుకోవాలంటే సమద్ ఫోన్లో చెబుతుంటే తనే చేసుకుంటుంది. ఆల్బం డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ కూడా అలాగే వేసుకుంది. అది కొనుక్కుని వాడాల్సిన సాఫ్ట్‌వేర్. కానీ మన స్టూడియోల వాళ్లు కొనుక్కుని వాడితే వింత. దాని తాళం పగలగొట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని క్రాక్ అంటారు. అది ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు పెన్‌డ్రైవ్‌లో పెళ్లి మిఠాయి పంచినట్టు తిరుగుతుంది. సమద్ పెన్‌డ్రైవ్ పంపించి, ఫోన్లో చెప్పాడు.

"ముందుగాల యాంటీవైరస్ బంద్ చెయ్. లేకుంటె గది క్రాక్‌ను వైరస్ అనుకోని తీసేస్తది."

"వైరసేమో భాయ్?"

"ఏ, క్రాక్ అంటేనే అది గట్ల లొల్లి పెడ్తది. మా ల్యాబ్‌ల అన్ని సిస్టంలల్ల గిదే నడుస్తాంది. నువ్వు ఫికర్ చెయ్యకు."

సబియా ఫికర్ చేయలేదు. యాంటీవైరస్‌ను ఆపేసింది, ఆ క్రాక్ ఉన్న ఫోల్డర్ జోలికి ఇంకెప్పుడూ రావద్దని దానికి చెప్పేసింది. దొంగ వచ్చి కాపలావాణ్ని కాసేపు పడుకొమ్మంటే మనం వాడికి దిండు కూడా ఇచ్చినట్టయింది. ఇది సబియా ఒక్కర్తే చేసిన పని కాదు. ఈ ఊళ్లో కెమెరా పట్టుకున్న ప్రతివాడూ చేసిన పనే. సాఫ్ట్‌వేర్ చక్కగా పనిచేసింది. అందుకే ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఆ తర్వాత అప్పుడప్పుడు కంప్యూటర్ మొరాయించేది, పాతదైంది కదా అనుకుంది. మానిటర్ మీద పెట్టిన కెమెరాకు ఉన్న చిన్న నీలం లైటు ఒక్కోసారి ఉత్తపుణ్యానికి వెలిగేది. కాల్ కూడా లేనప్పుడు ఇదెందుకు వెలుగుతోందని విసుక్కుని, చవక కెమెరా పాడైపోతోందని తేల్చుకుంది. పని చేస్తుంటే ఆ వెలుగు కళ్లలో కొడుతోందని లైటు మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించింది. లైటు మీద. పక్కనే ఉన్న కెమెరా అద్దాన్ని అలాగే వదిలేసింది.

వర్ధన్నపేట సుగ్రా బేగం కూతురు రుఖియా నిఖా ఆల్బం చేతిలో ఉండగా ఇదంతా బయటపడింది. సుగ్రా బేగం పట్టింపుల మనిషి. మెమరీ కార్డు చేతికిచ్చేటప్పుడు సబియా మణికట్టు పట్టుకుని, "నా బిడ్డ మొకం ఇప్పటిదాంక పరాయి మొగోడు సూడలే. నీ మీద బరోసతోని ఇస్తాన," అంది. సబియా కూడా అంతే గట్టిగా "నా పానం బోయినా ఎవ్వల కంట్ల పడనియ్య ఖాలా" అని మాటిచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం జుహర్ నమాజు చేసుకుని, వంటింట్లో చాయ్ కలుపుకుని గదిలోకి వచ్చింది. గడియ వేసుకుంది. కప్పు బల్ల మీద పెడుతూ తెర వైపు చూసింది. బాణం గుర్తు కదులుతోంది.

మౌస్ మీద ఏదైనా పడిందేమో అనుకుంది. ఏమీ పడలేదు. వైరు వదులైందేమోనని మౌస్‌ను చేతిలోకి తీసుకుని పైకెత్తింది. మౌస్ గాలిలో ఉంది, ఆమె గుప్పిట్లో ఉంది. అయినా తెర మీద బాణం తీరిగ్గా, ఏ తొందరా లేకుండా నడుచుకుంటూ పోయి ఒక ఫోల్డర్ మీద ఆగింది. ఆ ఫోల్డర్ పేరు 'వర్ధన్నపేట జనానా'. అది తెరుచుకుంది. మొదటి ఫొటో పెద్దదైంది. రుఖియా తలంటుకుని జుట్టు ఆరబోసుకుంటున్న ఫొటో. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి.

సబియా తలుపు వైపు, కిటికీ వైపు చూసింది. తలుపుకు గడియ ఉంది, కిటికీకి పర్దా ఉంది, గదిలో తను తప్ప పిట్ట లేదు. అయినా ఎవడో పక్కన కూర్చుని ఒక్కో ఫొటో తిప్పుతూ చూస్తున్నాడు. వాడి చేయి కనబడటంలేదు, వాడు చేసే పని కనబడుతోంది. దయ్యం పట్టిందంటే నమ్మడానికి ఆ క్షణాన ఆమె సిద్ధంగా ఉంది.

అప్పుడు ఆమె చేసిన పని తల్చుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒక్క గుంజు గుంజి తలమీది దుపట్టా తీసి, పరుగున పోయి మానిటర్ మీద కప్పేసింది. పరాయివాడు వస్తే ఆడపిల్లను కప్పినట్టే కప్పింది. చూసేవాడు తెర ముందు లేడనీ, తెర వెనక ఎక్కడో ఉన్నాడనీ, ఈ గుడ్డ వాడికి అడ్డం రాదనీ ఆమెకు తట్టలేదు. గుడ్డ కింద తెర వెలుగు మారుతూనే ఉంది. అది చూశాక అర్థమైంది. బల్ల కిందికి దూరి చేతికందిన వైర్లన్నీ పీకేసింది. కరెంటు వైరూ, ఇంటర్నెట్ వైరూ అన్నీ. చాయ్ కప్పు ఎప్పుడు దొర్లిపోయిందో ఆమెకు తెలియదు.

ఇప్పుడు ఎవరికి చెప్పాలి? మగవాడికి చెప్పడానికి లేదు. అలాంటప్పుడు గుర్తొచ్చే మనిషి వినోద ఒక్కతే. ఇంటర్ దాకా సబియాతో ఒకే బెంచీ మీద కూర్చుంది, ఇప్పుడు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది.

"వినోదా, నా కంప్యూటర్‌ల ఎవడో ఉన్నడే," అంది సబియా ఫోన్లో. తన మాట తనకే పిచ్చిమాటలా వినబడింది.

వినోద నవ్వలేదు. "నెట్ వైర్ పీకినవా?" అని అడిగింది. "మంచిపని చేసినవ్. మళ్ల పెట్టకు. దేన్నీ ముట్టకు. నేను వస్తాన."

స్కూటీ మీద వచ్చిన వినోద మానిటర్ మీది దుపట్టాను చూసి ఒక్క క్షణం ఆగింది, దాన్ని మడిచి సబియా చేతికిచ్చింది. కరెంటు వైరు ఒక్కటి పెట్టి కంప్యూటర్ ఆన్ చేసింది. లోపల నడుస్తున్న ప్రోగ్రాంల పేర్లన్నీ తెర మీదికి తెచ్చి ఒక్కొక్కటి చదువుతూ పోయి, ఒకచోట వేలు పెట్టింది. అచ్చం విండోస్ సొంత ప్రోగ్రాం పేరులాగే ఉంది, కానీ అది ఉండాల్సిన చోట లేదు. సమద్ పంపిన క్రాక్ ఫోల్డర్‌లో ఉంది.

"దీన్ని బ్యాక్‌డోర్ అంటరు, దొంగ దర్వాజ," అంది వినోద. "క్రాక్ దాని పని అది చేసింది, సాఫ్ట్‌వేర్ తెరిచింది. దాని ఎంబడి గిది గూడ లోపలికొచ్చి కూసున్నది. నువ్వు సిస్టం ఆన్ చేసినప్పుడల్ల గిది లేస్తది. లేచి దాని మాలిక్‌కు 'నేనున్న' అని చెప్తది. ఇగ ఆడు ఏ దేశంల కూసున్నా సరే, నీ కంప్యూటర్‌ను నీ లెక్కనే నడిపిస్తడు."

"మరి నేను పాస్‌వర్డ్ పెట్టుకున్న గదనే?"

"పాస్‌వర్డ్ బయటినుంచి వచ్చేటోనికి. గిది లోపటినుంచి పిలుస్తాంది. లోపటి మనిషి గడియ తీస్తే బయట తాళమెందుకు?"

వినోద ఆ ప్రోగ్రాంను ఆపేసింది. ఊపిరి తీసుకునే లోపు అది మళ్లీ లేచి కూర్చుంది. సబియా "యా అల్లా" అని కుర్చీ వెనక్కి జరిపింది. వినోద మాత్రం ఇలా జరుగుతుందని తెలిసినట్టే, కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పనులను పెట్టే చోటికి వెళ్లింది. అక్కడ దొరికింది కిటుకు. ఇది చస్తే మళ్లీ లేపాలని ఎవడో ముందే పురమాయించి పెట్టాడు. వినోద ముందు ఆ పురమాయింపును తీసేసి, తర్వాత ప్రోగ్రాంను ఆపింది. ఈసారి లేవలేదు. ఇంటి దగ్గర తన ల్యాప్‌టాప్‌లో తయారుచేసి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌తో, విండోస్ లేవకముందే స్కాన్ మొదలుపెట్టింది. ఇంకా రెండు దొరికాయి.

"పోయినట్టేనా?" అని అడిగింది సబియా ఆశగా.

"దొరికినయి పోయినయి. దొరకనిది లేదని నేను చెప్పలేను," అంది వినోద. "ఒక్కసారి గిట్లాంటిది సొచ్చినంక గా విండోస్‌ను నమ్మద్దు. ఫొటోల వరకు వేరే డ్రైవ్‌లకు తీస్కుందాం, ప్రోగ్రాంలు ఒక్కటి గూడ తీస్కోవద్దు. కొత్త డిస్క్ ఏసి మొత్తం కొత్తగ ఎక్కిద్దాం. నీ మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చు. ఈ కంప్యూటర్‌ల కాదు, నీ ఫోన్‌లకెళ్లి మార్చు."

ఆ మాటలంటూనే ఆమె చూపు కెమెరా మీద పడింది. "ఈ టేపేందే?"

"లైటు కండ్లల్ల కొడ్తాంది. ఊకె వెలుగుతాంది పాడుది."

వినోద ముఖం మారిపోయింది. వెంటనే ఆ బ్యాక్‌డోర్ తను తీసినవి దాచుకునే ఫోల్డర్‌లన్నీ వెతకసాగింది. లోలోపల ఒకటి దొరికింది. ఇంకా పంపకుండా మిగిలిపోయినవి అందులో ఉన్నాయి. వైరు పీకేసరికి బయటికి పోలేక ఆగిపోయినవి. కొన్ని, తెర మీద ఏముందో చూపించే బొమ్మలు. మిగతావన్నీ కెమెరా తీసినవి.

"సబియా, జర అటు జరుగు," అంది వినోద. సబియా జరగలేదు.

అన్నీ తనవే. ఎదురుగా కూర్చుని పని చేసుకుంటున్నది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని అన్నం తింటున్నది. జుట్టు విప్పుకుని దువ్వుకుంటున్నది. ఎండకు తాళలేక కమీజు మెడ సడలించుకుని విసురుకుంటున్నది. బల్ల వెనక జానమాజ్ పరుచుకుని, నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉన్నది. ఆఖరి ఫొటోకు ముందు దానిలో తల మీద దుపట్టా లేదు, చేయి ముందుకు చాచి, కళ్లు పెద్దవి చేసుకుని కెమెరా మీదికే వస్తోంది. ఆఖరి ఫొటోలో దుపట్టా మీది పువ్వు ఒక్కటే ఉంది.

ఇన్నేళ్లుగా ఆ గదిలో ఆమె కాపాడిందంతా ఊరివాళ్ల పిల్లల ముఖాలను. తనకు ఒక ముఖం ఉందని, దాన్నీ ఎవడైనా చూడొచ్చని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. గదిలో ఎవరూ లేరని ధైర్యంగా ఉన్న ప్రతి నిమిషమూ ఇప్పుడు ఆమె మీద ఉమ్మేసినట్టనిపించింది. అన్నిటికంటే ఆ సజ్దా ఫొటోను ఆమె చూడలేకపోయింది. ఆ చోటు అల్లాకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది.

"పంపినయి ఎన్నున్నయే?" అని అడిగింది చివరికి.

"ఎరుక లేదు. పంపినంక ఈడ తుడిచేస్తది." వినోద గొంతు తగ్గించింది. "సైబర్ క్రైంకు ఫిర్యాదు చెయ్యాలె సబియా. 1930కి ఫోన్ చేస్తే ఎట్ల చెయ్యాల్నో చెప్తరు. పాత డిస్క్‌ను తుడవకు, సాక్ష్యం గదే."

"గా డిస్క్‌ను పోలీసోళ్లు తెరుస్తరా?"

"తెరుస్తరు గావచ్చు."

"మొగ పోలీసోళ్లు?"

వినోద డిస్కును విప్పి ఇచ్చింది. సబియా దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఫిర్యాదు మాట మళ్లీ ఎత్తలేదు.

సమద్‌కు ఫోన్ చేస్తే మొదట నవ్వాడు. "గదంత వినోద మేడం భయపెడ్తాంది. క్రాక్ అంటేనే యాంటీవైరస్ గట్ల అంటది."

"భాయ్, మౌస్ నా చేతుల పట్టుకున్న. బాణం దానంతటది పోయి రుఖియా ఫోల్డర్ తెరిచింది. నా ఫొటోలున్నయి భాయ్ దాంట్ల. నమాజు చేస్కునేటియి గూడ."

సమద్ నవ్వు ఆగిపోయింది. "నేనే పంపిన గద," అన్నాడు. ఆ మాట ఆమెతో అన్నాడో తనతోనే అన్నాడో తెలియదు. "గదే పెన్‌డ్రైవ్ కాశిబుగ్గ స్టూడియోకు ఇచ్చిన. నర్సంపేటకు ఇచ్చిన. అందరి ఇండ్లల్ల ఉన్నది సబియా." ఏడుస్తున్నాడని ఆమెకు అర్థమైంది. తిడదామని ఫోన్ చేసిన మనిషి తిట్టలేకపోయింది. చేసినవాడెవడో తెలియదు, వాడికి ముఖం లేదు, ఊరు లేదు. ముఖం ఉన్నదల్లా తలుపు తీసిచ్చిన సొంత అన్నకు, గడియ వేసుకుని లోపల కూర్చున్న తనకు.

వినోద వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి మెల్లగా అంది. "ఆల్బంల పిల్లల ఇండ్లల్ల చెప్పుడు చెప్పకపోవుడు నీ ఇష్టం. చెప్పకుంటె ఎవ్వలకు తెల్వది."

అది నిజం. సబియా ఎన్ని విధాల తిప్పి చూసినా ఆ మాట నిజమే. చెప్పకపోతే రుఖియా ఆల్బం అచ్చవుతుంది, సుగ్రా బేగం దీవిస్తుంది, పని నడుస్తుంది. చెబితే ఇక ఏ తల్లీ ఈ గుమ్మం తొక్కదు. ఆమెకున్న పనీ, పేరూ, తిండీ తల్లులకు ఇచ్చే ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి. నోరు మూసుకోవడం ఎంత సులభమో చూసి ఆమెకే భయం వేసింది.

కానీ ఆ సజ్దా ఫొటో కళ్లముందు నుంచి పోలేదు. ఆ కనబడనివాడు దాన్ని సబియా ఫోన్‌కే పంపి, చెప్పినట్టు వినకపోతే నీ మొగుడికి చూపిస్తానంటే తనేం చేస్తుంది? వాడేం చెబితే అది చేస్తుంది. ఈ సంగతి తన గురించి తనకు తెలిసిపోయింది, తెలిసినందుకు సిగ్గేసింది కూడా. తనే ఇలా అయితే నిన్న గాక మొన్న పెళ్లయిన పిల్ల ఏమైపోతుంది? మర్నాడు పొద్దున్నే బుర్ఖా వేసుకుని వర్ధన్నపేట బస్సెక్కింది.

సుగ్రా బేగం ఎదురొచ్చి నవ్వింది. "ఆల్బం అయిందా బిడ్డా? నిన్ననే రుఖియా వచ్చింది, లోపట పండుకున్నది. కూసో, చాయ్ పెడ్త."

"చాయ్ వద్దు ఖాలా. కూసో," అని సబియా మొదలుపెట్టింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ గుమ్మంలోనే జారిపోయాయి. బాణం తనంతట తాను కదలడం, ఫోల్డర్ తెరుచుకోవడం, ఒక్కో ఫొటో పెద్దదవడం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. సుగ్రా బేగంకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చెంబు నేలకు దించి, గోడను పట్టుకుంది.

"గా ఫొటోలు ఇప్పుడెక్కడున్నయి?"

"ఎరుక లేదు ఖాలా."

"ఎవడు సూసిండు?"

"ఎరుక లేదు."

"మాటిచ్చినవు గద! పానం బోయినా పడనియ్య అన్నవు గద!" సుగ్రా బేగం గొంతు పైకి లేచి, లోపల కూతురు పడుకుని ఉందని గుర్తొచ్చి ఠక్కున అణిగిపోయింది. "ఈ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండాలె. నా బిడ్డ చెవిల పడద్దు. అల్లుని ఇంట్ల తెలిస్తే బతుకు ఆగమైతది. నువ్వు ఇగ పో."

"రుఖియాకు చెప్పాలె ఖాలా."

"ఏమన్నవు?"

"రేపు ఎవడన్న ఆమె ఫోన్‌కు ఫొటో పంపి బెదిరిస్తె, ఏంది, ఎందుకు అని తెల్వక వాడేం చెప్తే గది చేస్తది. ఒక్కతే భయపడ్తది. తప్పు తనది కాదని ముందే తెలిసుండాలె. నన్ను తిట్టు, ఆల్బం తీస్కపో, నా దగ్గరికి ఎవ్వలను రావద్దని చెప్పు. గని ఆమెకు చెప్పు."

"నా బిడ్డకు ఏం చెప్పాల్నో నువ్వు నాకు నేర్పిస్తవా?" అని సుగ్రా బేగం లేచి నిలబడింది.

లోపలి గది పర్దా పక్కకు తొలగింది. రుఖియా నిలబడి ఉంది. నిద్రపోయిన ముఖం కాదు అది. చేతుల మీద మెహందీ ఇంకా పూర్తిగా పోలేదు.

"నేనంత విన్న అమ్మీ," అంది. తల్లి వైపు కాక సబియా వైపు చూస్తూ వచ్చి ఎదురుగా నేలమీద కూర్చుంది. తిడుతుందనుకుంది సబియా, ఏడుస్తుందనుకుంది, రెంటికీ సిద్ధపడింది. ఆ పిల్ల రెండూ చేయలేదు, తన ఫొటోల గురించీ అడగలేదు.

"అక్కా, గా గదిల ఎప్పటికి కూసునేది నువ్వే గద. వాళ్లు నిన్ను గూడ సూసిండ్రా?"

నిన్నటి నుంచి సబియా మాట్లాడిందంతా ఇతరుల ఫొటోల గురించి. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర కూర్చుకున్న మాట ఒక్కటీ లేదు. వినోద ముందు ఏడవని మనిషి, అన్న ఏడుస్తుంటే విన్న మనిషి, నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని తలూపింది.

"సూసిండ్రు," అంది. "నెత్తి దువ్వుకునేటప్పుడు. అన్నం తినేటప్పుడు. నమాజు చేస్కునేటప్పుడు గూడ సూసిండ్రు రుఖియా. ఫిర్యాదు చేద్దామంటే గా డిస్క్ పోలీసోళ్ల చేతుల పెట్టాలె. పెట్టలేక బీరువల పెట్టి తాళమేసిన. మా ఆయనకు గూడ చెప్పలే."

రుఖియా ఆమె చేయి పట్టుకుని కూర్చుంది. సుగ్రా బేగం ఇద్దరినీ చూస్తూ నిలబడి, "నమాజుల గూడనా?" అంది, ఎవరినో అడుగుతున్నట్టు. తర్వాత గిర్రున తిరిగి లోపలికి పోయింది. ఇక తనను వెళ్లగొడతారని సబియా బుర్ఖా సర్దుకుని లేచింది.

సుగ్రా బేగం బయటికి వచ్చేసరికి ఆమె ఒంటి మీద బుర్ఖా ఉంది, చేతిలో కూతురి బుర్ఖా ఉంది. దాన్ని రుఖియా ఒళ్లో పడేసింది.

"లేవుండ్రి," అంది. "ముందుగాల ఈమె ఇంటికి పోయి గా డిస్క్ తీద్దాం, ఆన్నుంచి స్టేషన్‌కు. పోలీసుల్ల ఆడోళ్లనే పిలువుండ్రి అని నేనడుగుత. వాళ్లు డిస్క్ తెరిచినంత సేపు నేను పక్కనే కూసుంట. ఎవడొస్తడో సూస్త."

సబియా రుఖియాకు చేయందించి లేపింది. సుగ్రా బేగం అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం బయట నిలబడి, బస్సు పోతుందని కసురుతోంది.